విశాఖలో గడియారం గంట ముందుకు జరిపితే మనకి ఒరిగేదెంత?

మీరు మూడు సంగతులు అడిగారు. వేసవిలో వైజాగ్‌లో ఐదున్నర కాకుండానే తెల్లారిపోతోంది కదా, ఆ వెలుగు వృథా పోకుండా అమెరికాలో లాగా మనమూ గడియారం గంట ముందుకు పెట్టుకోకూడదా అన్నది మొదటిది. దాని లాభనష్టాలేమిటన్నది రెండోది. మధురవాడ ఐటీ కంపెనీల్లో అమెరికా షిఫ్ట్ చేసేవాళ్లు మార్చిలో, నవంబరులో అక్కడి గడియారం మారినప్పుడు ఏమేం సరిచూసుకోవాలన్నది మూడోది.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. డేలైట్ సేవింగ్ టైమ్, అంటే వేసవిలో గడియారం గంట ముందుకు జరిపి శీతకాలంలో వెనక్కి తిప్పే ఈ పద్ధతి, 40, 50 డిగ్రీల అక్షాంశం మీదున్న ఊళ్లకి కొంతవరకు పనికొచ్చే ఏర్పాటు. 17.7 డిగ్రీల మీదున్న విశాఖకి పనికిరాదు. మన దగ్గర అది పొద్దుటి చల్లటి గంటను తీసుకుని సాయంత్రం ఉక్కపోత గంటను ఇస్తుంది. ఎందుకో లెక్కతో చెబుతాను.

గడియారం జరిపినంత మాత్రాన పగలు ఒక్క నిమిషం కూడా పెరగదు. ఆఫీసు, బడి, కొట్టు అన్నీ సూర్యుడి లెక్కన ఒక గంట ముందు మొదలై ఒక గంట ముందు ముగుస్తాయి, అంతే. పొద్దున్న ఖాళీగా ఉన్న వెలుగు గంట సాయంత్రం ఖాళీ సమయంలోకి వెళ్తుంది. అంచేత ఏ ఊరికైనా అడగాల్సిన ప్రశ్నలు రెండు. పొద్దున్న జనం పడుకునే ఉన్న వెలుగు ఎంత? సాయంత్రం వచ్చే అదనపు వెలుగు అక్కడి జనానికి సుఖమా, కష్టమా?

లండన్ చూడండి. జూన్ 21 ప్రాంతంలో అక్కడ పగలు 16 గంటల 38 నిమిషాలు. గడియారం జరపకపోతే తెల్లవారుజామున 3:43కే సూర్యోదయం, రాత్రి 8:21కి సూర్యాస్తమయం. మూడున్నర నుంచి ఆరు దాకా వెలుగున్నా ఊరంతా నిద్రలోనే ఉంటుంది. ఆ గంటను సాయంత్రానికి తోస్తే 9:21 దాకా వెలుతురుంటుంది, అదీ చల్లగా, హాయిగా ఉండే వెలుతురు. అక్కడ లాభం కనిపిస్తుంది. అదే ఊళ్లో డిసెంబరులో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు, మొత్తం 7 గంటల 50 నిమిషాలే. ఏడాదిలో పగలు దాదాపు తొమ్మిది గంటలు పెరిగి తరిగే ఊరికి ఒకే గడియారం అన్ని కాలాలకూ కుదరదు, అందుకే రెండు వాడుతున్నారు.

ఇప్పుడు మన ఊరు. విశాఖలో అతి పెద్ద పగలు సుమారు 13 గంటల 11 నిమిషాలు, అతి చిన్న పగలు సుమారు 11 గంటల 4 నిమిషాలు. తేడా రెండు గంటల చిల్లర. జూన్ 21న సూర్యోదయం 5:23, సూర్యాస్తమయం 6:34. మే మధ్య నుంచి జూన్ చివరి దాకా సూర్యోదయం ఇంచుమించు ఇక్కడే ఉంటుంది. జనవరి మూడో వారంలో 6:31కి తెల్లారుతుంది. అన్నిటికన్నా తొందరగా పొద్దుపోయేది నవంబరు చివర్లో, 5:20కి. భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. మనం 83.3 దగ్గరున్నాం కాబట్టి సూర్యుడు మనకి ప్రామాణిక కాలం కన్నా మూడు నిమిషాలే ముందు. దేశంలో గడియారానికీ సూర్యుడికీ ఇంత దగ్గరి పొత్తు ఉన్న పెద్ద ఊళ్లు కొన్నే. ఈ సంగతి మళ్లీ కావాల్సి వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

జూన్‌లో గంట జరిపామనుకుందాం. సూర్యోదయం గడియారంలో 6:23, సూర్యాస్తమయం 7:34 అవుతాయి. పది నుంచి ఐదున్నర దాకా ఆఫీసున్న మనిషికి ఇప్పుడు తెల్లారాక ఆఫీసు మొదలయ్యే దాకా నాలుగున్నర గంటల పైచిలుకు సమయం ఉంది. అది మూడున్నరకి తగ్గుతుంది. సాయంత్రం ఆఫీసు వదిలాక గంట వెలుగున్నది రెండు గంటలవుతుంది.

తగ్గిన ఆ పొద్దుటి గంట వృథా పోతున్నదా అంటే, పోవడం లేదు. మే, జూన్ నెలల్లో ఐదున్నరకి ఆర్కే బీచ్ రోడ్డు మీద నడిచేవాళ్లని చూడండి. ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం, రైతుబజారులో కూరగాయల బేరం, మేడ మీద వడియాలు పెట్టడం, కట్టుబడి పనిలో కాంక్రీటు పోయడం అన్నీ ఎండ ముదరకముందే కానిచ్చేస్తారు. ఎనిమిది దాటితే ఎండ చుర్రుమంటుంది. ఈ ఊరి వేసవిలో ఒంటికి హాయిగా ఉండే వెలుతురు ఏదైనా ఉందంటే ఆ పొద్దుటిదే. లండన్‌లో జనం నిద్రపోతూ వదిలేసే గంట ఇక్కడ జనం పని చేసుకునే గంట.

సాయంత్రం వచ్చే అదనపు గంట సంగతి చూద్దాం. మేలో సాయంత్రం ఐదింటికి పడమటి గోడ మీద చెయ్యి పెడితే సుర్రుమంటుంది. పగలంతా కాగిన స్లాబు రాత్రి తొమ్మిది పది దాకా కిందికి వేడి దించుతూనే ఉంటుంది. సముద్రపు గాలి ఉష్ణోగ్రతను కాస్త తగ్గిస్తుందేగానీ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. గడియారం గంట ముందుకు జరిగితే మనం ఇంటికి చేరేది గోడలు ఇంకా వేడిగా ఉన్నప్పుడే, పడుకోవాల్సింది స్లాబు చల్లారకముందే. రాత్రి పదిన్నరకి పడుకునే ఇల్లు సూర్యుడి లెక్కన తొమ్మిదిన్నరకే పడుకోవాలి. ఏసీ ఉన్నవాళ్లు గంట ముందు వేస్తారు, లేనివాళ్లు గంటసేపు దొర్లుతారు.

కరెంటు ఆదా అన్న మాట ఇక్కడే తేలిపోతుంది. 1916లో జర్మనీ, ఆ వెంటనే బ్రిటన్ ఈ పద్ధతి మొదలుపెట్టింది యుద్ధంలో బొగ్గు మిగుల్చుకోవడానికి. ఆ రోజుల్లో సాయంత్రపు వాడకమంటే ప్రధానంగా దీపాలే. ఇప్పుడు ఇంట్లో వాడేది తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బులు. ఐదు బల్బులు రోజుకి గంటసేపు ఆపితే 45 వాట్-అవర్లు, నెలకి ఒకటిన్నర యూనిట్లు కూడా మిగలదు. అదే ఇంట్లో ఒకటిన్నర టన్ను ఏసీ రోజుకి గంట ఎక్కువ తిరిగితే ఇన్వర్టర్ మోడల్ అయినా యూనిట్ దాకా కాలుస్తుంది, నెలకి 30 యూనిట్లు. అంటే రోజుకో ఏసీ గంట ఒక్క నెలలోనే ఇరవై నెలల దీపాల ఆదాను మింగేస్తుంది. ఆఫీసులు చల్లటి పొద్దున్నే తెరుచుకుంటాయి కాబట్టి అక్కడ ఏసీ భారం కొంత తగ్గుతుంది, నిజమే. కానీ ఇళ్ల సంఖ్య ముందు అది చాలదు.

ఇది ఊహ కాదు, అమెరికాలో కొలిచి చూశారు. ఇండియానా రాష్ట్రంలో చాలా జిల్లాలు 2006 దాకా గడియారం జరపలేదు, ఆ ఏడాది నుంచి జరపడం మొదలుపెట్టాయి. ముందు, తర్వాత కరెంటు బిల్లులు పోల్చి చూస్తే ఇళ్ల వాడకం సుమారు ఒక శాతం పెరిగింది. దీపాల ఖర్చు తగ్గింది, చల్లబరిచే ఖర్చూ వెచ్చబరిచే ఖర్చూ అంతకన్నా పెరిగాయి. అమెరికా ఇంధన శాఖ 2008లో ఇచ్చిన నివేదిక లాభమే ఉందంది. వేసవి గడియారం గడువు పొడిగించిన నాలుగు వారాల్లో రోజుకి సుమారు అర శాతం ఆదా అయిందట, ఏడాది మొత్తం మీద చూస్తే అది 0.03 శాతం. ఇంతకన్నా ఎక్కువ ఆశపెట్టే లెక్క ఎవరు చెప్పినా ఆ ఊరి అక్షాంశం ఎంత, ఏసీలెన్ని అని అడగండి.

ఒక మేలు మాత్రం ఈ కాలానికి కొత్తగా వచ్చింది, దాన్ని దాచకూడదు. మన రాష్ట్రంలో సౌర విద్యుత్తు పెరిగింది. సాయంత్రం ఐదు దాటితే ఆ ఉత్పత్తి పడిపోతుంది. సరిగ్గా ఆరు నుంచి పది మధ్య ఇళ్ల వాడకం పెరుగుతుంది. గడియారం ముందుకు జరిగితే సాయంత్రపు వంట, మోటారు, టీవీ వాడకంలో కొంత భాగం ఇంకా ఎండ ఉన్న సమయానికి జరుగుతుంది, కరెంటు పంపిణీ సంస్థకి (డిస్కం) అది ఉపయోగమే. కాకపోతే ఏసీలు గడియారాన్ని చూసి తిరగవు, వేడిని చూసి తిరుగుతాయి. కాబట్టి ఆ మేలు కూడా సగమే.

మిగతా లాభాలు: సాయంత్రం వెలుతురుంటే పిల్లలు ఆడుకుంటారు, దుకాణాలకి బేరాలు పెరుగుతాయి, చీకట్లో పాదచారులు వాహనాల కింద పడే ప్రమాదాలు తగ్గుతాయి. ఇవి మనకి అసలు అవసరమయ్యేది ఎప్పుడు? నవంబరు, డిసెంబరు నెలల్లో. ఐదూ ఇరవైకే పొద్దుపోయి, గాజువాక నుంచి ఎన్ఏడీ దాకా బళ్లన్నీ లైట్లు వేసుకుని నడుస్తాయి. కానీ డేలైట్ సేవింగ్ అమల్లో ఉండేది వేసవిలో. శీతకాలం రాగానే గడియారాన్ని వెనక్కి తిప్పేస్తారు. అంటే మన ఇబ్బంది ఉన్న కాలంలో ఆ మందు ఉండదు, లేని కాలంలో మింగమంటారు. ఈ పద్ధతి మన ఊరికి కుదరదనడానికి నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా బలమైన కారణం.

ఇక ఆరోగ్యం. మన నిద్రను నడిపేది మెదడులోని లోపలి గడియారం, దాన్ని రోజూ సరిదిద్దేది పొద్దుటి వెలుతురు. గోడ గడియారం ఒక్క రాత్రిలో జరిగినా ఇది ఒక్క రాత్రిలో జరగదు. స్వీడన్‌లో చాలా ఏళ్ల రికార్డులు చూస్తే మార్చి మార్పు తర్వాతి వారంలో గుండెపోట్లు సుమారు ఐదు శాతం ఎక్కువ. అమెరికాలో అదే వారంలో ప్రాణాంతక రోడ్డు ప్రమాదాలు సుమారు ఆరు శాతం ఎక్కువని 2020లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అదే ఏడాది అక్కడి నిద్ర వైద్యుల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్, ఏడాది పొడవునా ప్రామాణిక కాలమే ఉంచాలని తేల్చింది. ఏడాదంతా వేసవి గడియారమే ఉంచితే పీడ పోతుంది కదా అని కొందరంటారు. 1974 జనవరిలో అమెరికా అది చేసి చూసింది. చలికాలంలో పిల్లలు చిమ్మచీకట్లో బడికి వెళ్లాల్సి వచ్చేసరికి జనం తిరగబడ్డారు, ఆ ఏడాది అక్టోబరుకే వెనక్కి తగ్గారు. రష్యా 2011లో శాశ్వత వేసవి కాలం పెట్టి 2014లో శాశ్వత శీతకాలానికి మారింది.

మనకి దగ్గరి వాతావరణం ఉన్న దేశాల అనుభవం ఇంకా పనికొస్తుంది. బంగ్లాదేశ్ 2009 జూన్ 19న గంట జరిపింది, కరెంటు కొరతే కారణం. డిసెంబరు చివరికి వెనక్కి తిప్పి, మళ్లీ ఆ ఊసెత్తలేదు. పాకిస్తాన్ 2002లో, మళ్లీ 2008, 2009లలో ప్రయత్నించి వదిలేసింది. శ్రీలంక 1996 కరెంటు కరువులో ఒకేసారి గంట ముందుకు వెళ్లి, కొన్ని నెలలకే అరగంట తగ్గించి, 2006లో మళ్లీ మన సమయానికే వచ్చేసింది. బ్రెజిల్ 2019లో, మెక్సికో 2022లో చాలావరకు ఈ పద్ధతికి స్వస్తి చెప్పాయి. భూమధ్యరేఖకి దగ్గరున్న దేశాల్లో దీన్ని పట్టుకుని నిలబడినవి దాదాపు లేవు.

మన దేశమూ దీన్ని ఎరుగును. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 దాకా దేశమంతా గడియారాలు గంట ముందు నడిచాయి. యుద్ధం ముగియగానే పాత సమయానికి వచ్చేశాం.

వేరే ప్రతిపాదనలు రెండున్నాయి, వాటిని డేలైట్ సేవింగ్‌తో కలపకండి. ఒకటి, ప్రామాణిక కాలాన్నే శాశ్వతంగా అరగంట ముందుకు జరపడం. బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ పరిశోధకులు దీన్ని ప్రతిపాదించి, ఏటా 200 కోట్ల యూనిట్లకు పైగా మిగులుతుందని లెక్కకట్టారు. ఏడాదికి రెండుసార్లు మార్చే బాధ ఉండదు. విశాఖ నవంబరు సాయంత్రానికి ఇది నిజంగా మేలు: 5:20 సూర్యాస్తమయం 5:50 అవుతుంది, జనవరి సూర్యోదయం ఏడు దాటి ఒక నిమిషం. భరించవచ్చు. కానీ ద్వారకలో జనవరి సూర్యోదయం ఇప్పటికే 7:35 ప్రాంతంలో, అక్కడ ఎనిమిది దాటిపోతుంది. రెండోది, 2018లో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు చెప్పిన రెండు కాల మండలాలు. జూన్‌లో అరుణాచల్ తూర్పు కొసన నాలుగింటి ప్రాంతంలోనే సూర్యుడొస్తాడు, వాళ్ల బాధ నిజమైనది, ఈ పరిష్కారం వాళ్లకి న్యాయమైనది. మనం 82.5 పక్కనే ఉన్నాం కాబట్టి మనకి అందులో మారేదేమీ లేదు.

మరి వేసవి పొద్దును ఇంకాస్త వాడుకోవాలంటే? గడియారాన్ని ముట్టుకోకుండా వేళలు మార్చుకోవచ్చు. మనకి ఆ అలవాటు ఎప్పటినుంచో ఉంది: ఏటా మార్చి మధ్యలో మొదలయ్యే ఒంటిపూట బడులు. పొద్దున్న 7:45కి బడి, పన్నెండున్నరకి ఇంటికి. సూర్యుణ్ని బట్టి బడి జరిగింది, ఊరి గడియారం జరగలేదు, రైళ్ల టైమూ మారలేదు, బీచ్‌లో నడిచేవాళ్ల పొద్దూ పోలేదు. 2023లో పంజాబ్ ప్రభుత్వం మే 2 నుంచి జులై 15 దాకా తన కార్యాలయాలను పొద్దున్న ఏడున్నర నుంచి మధ్యాహ్నం రెండు దాకా నడిపింది. విశాఖలో కలెక్టరేట్ నుంచి బ్యాంకుల దాకా ఏప్రిల్, మే నెలల్లో ఇలా చేస్తే మధ్యాహ్నం ఏసీల భారం నిజంగా తగ్గుతుంది, ఎందుకంటే ఇక్కడ ఆఫీసు మూతపడేది ఎండ నడినెత్తిన ఉండగానే. గంట జరపడం వల్ల రాని లాభం మూడు గంటలు జరపడం వల్ల వస్తుంది.

ఇప్పుడు మీ షిఫ్ట్ సంగతి. అమెరికాలో గడియారం ముందుకు జరిగేది మార్చి రెండో ఆదివారం, వెనక్కి వచ్చేది నవంబరు మొదటి ఆదివారం, అక్కడి తెల్లవారుజామున రెండింటికి. న్యూయార్క్ మార్పు మన గడియారంలో మార్చి ఆదివారం మధ్యాహ్నం 12:30కి, నవంబరులో 11:30కి పడుతుంది. బ్రిటన్, యూరప్ మాత్రం మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మారతాయి, మనకి పొద్దున్న ఆరున్నరకి. 2026లో అమెరికా మార్చి 8, నవంబరు 1. యూరప్ మార్చి 29, అక్టోబరు 25. ఈ మధ్య వారాల్లో న్యూయార్క్, లండన్‌ల తేడా ఐదు గంటలకి బదులు నాలుగే ఉంటుంది. మూడు ఊళ్లూ కలిసే కాల్స్ తప్పేది ఎక్కువగా ఈ వారాల్లోనే.

తేడాలు నోటికి రావాలి. న్యూయార్క్ మనకన్నా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక. షికాగో, డల్లాస్ పదిన్నర, పదకొండున్నర. కాలిఫోర్నియా, సియాటిల్ పన్నెండున్నర, పదమూడున్నర. ఫీనిక్స్ ఎప్పుడూ పన్నెండున్నరే, ఎందుకంటే అరిజోనాలో నవాహో ప్రాంతం తప్ప మిగతా రాష్ట్రం గడియారం జరపదు. లండన్ నాలుగున్నర, ఐదున్నర. సిడ్నీ మనకన్నా ముందు: అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా ఐదున్నర, మిగతా కాలం నాలుగున్నర. బ్రిస్బేన్ మారదు.

న్యూయార్క్ లెక్కన పొద్దున్న తొమ్మిది నుంచి ఆరు దాకా పనిచేసే టీమ్‌కి వేసవిలో లాగిన్ 6:30, లాగౌట్ తెల్లవారుజామున 3:30. నవంబరు మార్పు తర్వాత సోమవారం నుంచి 7:30, 4:30. క్యాబ్ రోస్టర్ వెండార్‌కి ముందు గురువారమే వెళ్లిపోవాలి. వారాంతం రోస్టర్ మూసేశాక మెయిల్ పెడితే సోమవారం సాయంత్రం డ్రైవరు పాత టైముకే వచ్చి గుమ్మంలో హారన్ కొడతాడు. సెక్యూరిటీ డెస్క్, క్యాంటీన్, ఆడవాళ్ల ఎస్కార్ట్ ఈ మూడింటికీ విడిగా చెప్పాలి, ఎక్కువగా మరిచిపోయేది ఎస్కార్టే. ఆదివారం కూడా నడిచే సపోర్ట్ టీముల్లో ఇంకో చిక్కుంది. రోస్టర్ అమెరికా టైములో రాస్తే, మార్పు పడిన షిఫ్ట్ మార్చిలో గంట తగ్గుతుంది, నవంబరులో గంట పెరుగుతుంది. ఆ పెరిగిన గంటకి ఓవర్‌టైమ్ ఎవరిస్తారో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. రోస్టర్ మన టైములోనే రాసుకుంటే ఈ తగాదా ఉండదు.

నిద్ర విషయంలో కష్టం మార్చిదే, లాగిన్ గంట ముందుకొస్తుంది. శుక్రవారం షిఫ్ట్ పాత టైముకే ముగుస్తుంది కాబట్టి ముందు నుంచి సర్దుకునే వీలుండదు, చేతిలో ఉన్నవి శని, ఆదివారాలే. శనివారం అరగంట ముందు లేవండి, ఆదివారం గంట ముందు. నిద్ర చాల్లేదని ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటే చేసిందంతా పోతుంది, అరగంట కునుకు చాలు. పడుకునే సమయానికి ఆరు గంటల ముందే ఆఖరి టీ. జూన్‌లో మూడున్నరకి వదిలి నాలుగుంపావుకి ఇల్లు చేరితే తెల్లారడానికి గంటే ఉంటుంది. అలాంటప్పుడు కిటికీకి వెలుగు చొరని మందపాటి కర్టెన్ ఉండాల్సిందే, పలచటి లేసు పనికిరాదు.

క్యాలెండర్ ఆహ్వానాలు: మీటింగు ఎవరి రోజుకి కట్టుబడి ఉంటుందో ఆ ఊరి కాల మండలంలోనే తయారుచేయాలి. మీరు మన టైములో పెడితే మనకి కదలదు, అటువాళ్లకి గంట జరుగుతుంది. మెయిల్లో ఈఎస్‌టీ (న్యూయార్క్ శీతకాలపు సమయం) అని ఏడాదంతా రాయకండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని వేసవిలో కూడా శీతకాలపు సమయంగానే తీసుకుని గంట తప్పిస్తాయి. న్యూయార్క్ టైమ్ అని రాస్తే ఏ గందరగోళం లేదు.

ప్రోగ్రామర్లకి: జరిగిపోయిన సంఘటనలు యూటీసీలో, అంటే ఎక్కడా గంట జరగని ప్రపంచ ప్రామాణిక సమయంలో, భద్రపరచండి. రాబోయే అపాయింట్‌మెంట్లకి అది చాలదు. స్థానిక సమయం, దాంతోపాటు అమెరికా/న్యూయార్క్ వంటి కాల మండలం పేరు రెండూ దాచాలి, ఎందుకంటే ప్రభుత్వం నియమం మారిస్తే యూటీసీ విలువ తప్పవుతుంది. న్యూయార్క్ సమయంతో నడిచే సర్వర్‌లో తెల్లవారుజామున ఒంటిగంటకీ మూడింటికీ మధ్య క్రాన్ జాబ్ (చెప్పిన వేళకి దానంతటదే నడిచే పని) పెట్టవద్దు. మార్చి ఆ ఆదివారం 2:30 అనే సమయమే ఉండదు, జాబ్ ఎగిరిపోవచ్చు. నవంబరులో 1:30 రెండుసార్లు వస్తుంది, ఇన్‌వాయిస్‌లు రెండుసార్లు వెళ్లొచ్చు. రోజుకి 24 గంటలని గుడ్డిగా భాగించే రిపోర్టులు ఆ రెండు రోజుల్లో తప్పు చూపిస్తాయి, నిజానికి అవి 23, 25 గంటల రోజులు. ఏళ్ల తరబడి అప్‌డేట్ చేయని ఫోన్లలో, సర్వర్లలో మెక్సికో, జోర్డాన్ 2022లో చేసిన మార్పులు ఉండవు, ఆ దేశాల సమయం గంట తేడాగా చూపిస్తాయి.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో రెండు విషయాలు తరచూ తప్పుతాయి, అవీ చెబుతాను. మొదటిది మందులు. అక్కడికి వెళ్లిన పెద్దవాళ్లు రోజుకొకటి వేసుకునే బీపీ మాత్ర గంట అటూఇటూ అయితే సాధారణంగా ఇబ్బంది ఉండదు, మార్పు రోజు నుంచి కొత్త గడియారం ప్రకారం వేసుకుంటే సరిపోతుంది. ఇన్సులిన్, మూర్ఛ మందుల వంటి వేళ తప్పకూడనివి మాత్రం వాళ్ల డాక్టరును ముందే అడగాలి.

రెండోది పంచాంగం. ఇక్కడ అచ్చయిన పంచాంగంలో తిథి ఎప్పుడు ముగుస్తుందో చెప్పే సమయం ప్రపంచమంతటికీ ఒకే క్షణం. దాన్నుంచి న్యూయార్క్‌కి వేసవిలో తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర గంటలు తీసేస్తే చాలు. మన పొద్దున్న ఎనిమిదికి ముగిసే తిథి అక్కడ వేసవిలో ముందురోజు రాత్రి 10:30కి, చలికాలంలో 9:30కి ముగుస్తుంది. సూర్యోదయానికి ఏ తిథి ఉందన్నది అందువల్ల మారిపోయి, పండగ ఒక రోజు ముందు రావచ్చు. 2026 ఉగాది మార్చి 19న. అప్పటికి అమెరికా గడియారం జరిగిపోయింది, బ్రిటన్ ఇంకా జరగలేదు, ఇద్దరు పిల్లలు రెండు దేశాల్లో ఉంటే రెండు లెక్కలు వేయాలి. అదే ఏడాది దీపావళి నవంబరు 8న, అమెరికా వెనక్కి తిప్పిన వారానికి. న్యూయార్క్‌లో సూర్యాస్తమయం పది రోజుల ముందు ఆరింటి దగ్గరున్నది కాస్తా ఐదింటికి లోపే, 4:45 ప్రాంతంలో అవుతుంది. లక్ష్మీపూజకి ప్రదోషం వాళ్లు అనుకున్నదానికన్నా గంట ముందే మొదలవుతుందని పిల్లలకి ముందే చెప్పండి.

రాహుకాలానికి మాత్రం తీసివేతలు పనిచేయవు, ఆ ఊరి పగటిని ఎనిమిది భాగాలు చేయాల్సిందే. జూన్ 21 ప్రాంతంలో న్యూయార్క్‌లో సూర్యోదయం 5:25, సూర్యాస్తమయం 8:31, రెండూ జరిపిన గడియారంలోనివే. పగలు 906 నిమిషాలు, ఒక్కో భాగం 113 నిమిషాల చిల్లర. ఆదివారం రాహుకాలం ఎనిమిదో భాగం కాబట్టి సాయంత్రం 6:38 నుంచి 8:31 దాకా. సోమవారం రెండో భాగం, 7:18 నుంచి 9:11 దాకా. ఇక్కడి క్యాలెండర్లో ఉన్న ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు అన్నది పన్నెండు గంటల పగటికి వేసిన లెక్క. అది విశాఖలోనే జూన్‌లో పూర్తిగా సరిపోదు: మనకి ఆదివారం 4:55 నుంచి 6:34 దాకా వస్తుంది.